ఒకే బరువు రాళ్లు

పోలీసు చర్య జరిగిన ఏడాది, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి మా ఊళ్లో పిల్లలకు చదువు చెప్పేవాణ్ణి. నేను బడికి పోయింది మూడేళ్లే. మిగతాదంతా జనగామ గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నాను. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి.

ఒక అవ్వ తన ఇంటి అరుగు మాకు ఇచ్చింది. ఆమె కొడుకు వెదురు కర్రకు రెండు బుట్టలు కట్టి త్రాసు చేసిచ్చాడు.

గంపెడు పత్తి, నాగలి కర్రు పక్కపక్కన పెట్టి ఏది బరువని అడిగాను.

"గంపనే! కండ్లు కనబడ్తలేవా పంతులూ?" అంది ఒక పిల్ల. అందరూ నవ్వారు. రెండూ ఎత్తి చూడమన్నాను. ఎత్తి, "అగో! గంపల ఏం లేదు" అని నోరు తెరిచింది.

తూకపు గుండ్లు లేవు. ఒకే బరువున్న రాళ్లయినా చాలని పుస్తకంలో చదివాను. పిల్లలు వాగు నుంచి ఏరుకొస్తే, రెండు రోజులు తూచి, సరిపోనివి పారేసి, మిగిలినవి అరుగు మీద కుప్ప పోశాం.

ఆ వారమే ఆయుధాల కోసం సోదాకు సిపాయిలు వచ్చారు. వెంట మా పట్వారి ఉన్నాడు. అంతకుముందు ఊరి మీద పడిన రజాకార్లను మావాళ్లు వడిసెలలతో రాళ్లు విసిరి తరిమిన సంగతి అతనికి తెలుసు.

"వడిసెల రాళ్లు గదరా గివి?"

"కాదు పట్వారీ సాబ్, పిల్లలకు తూకం నేర్పుతున్న" అంటూ త్రాసు ఎత్తాను. ఇటొక రాయి, అటొక రాయి. కర్ర ఒరగలేదు. ఇంకో జత పెట్టాను. ఒరగలేదు. కొంచెం గర్వంగానే చూపించాను.

"గింత ఒక్కతీరుగ ఏరుకునుడెందుకు? గురి తప్పొద్దనే గద!" అన్నాడు పట్వారి.

రాళ్లు నావేనన్నాను. సిపాయి నా సన్నటి చెయ్యి పట్టి చూసి, నవ్వి, పక్కకు తోశాడు.

"ఇల్లెవలిది?" అని సిపాయి తరఫున అడిగాడు పట్వారి.

"నాదే" అన్నాడు అవ్వ కొడుకు. చేతులు కట్టి లారీ ఎక్కించారు.

"పంతులూ, ఇంకోపారి తూచి చూపియ్యి, ఇడిచిపెడ్తరు" అని గంప ఎత్తి చూసిన పిల్ల నా అంగీ గుంజింది.

మర్నాడు అతన్ని తీసుకుపోయిన జనగామ మిలిటరీ క్యాంపుకు పోయాను. పొద్దుగూకేదాకా గేటు బయటే నిలబెట్టి పంపేశారు.

"కనబడ్డడా బిడ్డా?" అడిగింది అవ్వ.

"లేదవ్వా."

"రాళ్ల సంగతి జర చెప్పినవా?"

"నన్నెవ్వలు అడగలేదవ్వా."