తీసేయబోయిన నంబరు

ఇందులో ఒక్క మాట కల్పించి ఉంటే, నా నలభై ఏళ్ల డైరీలన్నీ తెచ్చి శబరి ఏట్లో కలిపేయండి.

గనుల ఆఫీసులో కంప్యూటర్ల పని చేసి రిటైరయ్యాక, నేనూ మిత్రుడు వీరభద్రమూ కొంటాలో రక్తదాతల వెబ్‌సైటు నడిపాం. ఏ గ్రూపు కావాలంటే ఎవరి ఫోనుకు కబురు వెళ్లాలో, ఆ నంబర్లన్నీ ఒక సెట్టింగుల ఫైలులో ఉంటాయి. వీరభద్రం పోయి రెండు నెలలు. ఓ నెగెటివ్ దగ్గర ఇంకా అతని నంబరే ఉంది.

రాత్రి ఎనిమిది దాటింది. వాన. ఫోను మోగింది. గొల్లపల్లి సోమయ్య. భార్యను కాన్పుకు ఆసుపత్రిలో చేర్చాడు.

"తాతా, ఓ నెగెటివ్ కావాలంట. జల్దీ చూడు! గంటలో తెమ్మన్నడు డాక్టరు."

ముందు చనిపోయినవాడి నంబరు తీసి, భద్రాచలం దాతది పెట్టాలి. ఫైలును చదివి, నంబరు మార్చి, తిరిగి రాసే చిన్న ప్రోగ్రాం ఉంది నా దగ్గర. దానితో ఒక చిక్కు. నంబర్లే ఉంచుతుంది. పక్కన మనం రాసుకున్న మాటలన్నీ చెరిపేస్తుంది. అందుకే వాటిని ముందు డైరీలోకి ఎక్కించుకుంటాను. ఎక్కించాను. నడిపాను.

ఫైలు తెరిచాను. మాటలన్నీ పోయాయి... ఒక్కటి తప్ప.

"ఈ నంబరు తియ్యకు."

డైరీ చూశాను. ఇందాక ఎక్కించిన వాటిలో ఆ మాట లేదు. నంబరు కూడా మారలేదు. అతనిదే...

మళ్లీ నడిపాను. మళ్లీ అదే మాట. చూరు నీళ్లు... టప్... టప్... కర్సరు ఆ వరుస చివరే కొట్టుకుంటోంది. నా వేళ్లు ఒళ్లోనే ఉన్నాయి.

సోమయ్య మళ్లీ చేశాడు. "ఏంది తాతా, పంపినవా, నిద్రపోయినవా?"

ఇక వేళ లేదు. కబురు ఆ నంబరుకే పంపేశాను.

ఒక నిమిషం... రెండు... ఫోను మోగింది. తెర మీద వీరభద్రం పేరు.

ఎత్తాను. అవతల ఊపిరి...

"అన్నా, నేను లచ్చిమిని." అతని భార్య! "ఆయన పోయినంక ఈ ఫోను బంద్ పెట్టిన. ఇయ్యాల ఎందుకో చార్జింగు పెట్టిన. కబురు చూసిన. నాదీ అదే రక్తమన్నా. ఆసుపత్రికి పోతున్న."

తెల్లారేసరికి ఆడపిల్ల. తల్లి బతికింది.

ఆసుపత్రి వరండాలో లక్ష్మిని అడిగాను. "నీదీ ఈ గ్రూపేనని వీరభద్రం నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?"

"ఆయనకేం తెలుసన్నా? నాకే తెల్వదు. పోయిన నెల జ్వరమొస్తే పరీక్ష చేసి చెప్పిండ్రు."

మరి ఆ మాట రాసిందెవరు? నేనే రాసి మరిచానా?... నాకైతే రాసిన గుర్తు లేదు.