చెవి జోలికి రామని ఇచ్చిన మాట

బాగా రక్తం తాగిన పిడుదు రేగుపండంత ఉంటుంది. ఊళ్లలో చెప్పేటప్పుడు నేను దాన్ని నిమ్మకాయంత చేస్తాను. లేకపోతే ఎవరూ వినరు. ఆ పిడుదుల్లో ఒక వైరస్ ఉందనీ, గొర్రెకు ఏ బాధా పెట్టకుండా దాన్ని మేపే మనిషికి మాత్రం రక్తం కక్కించే జ్వరం తెస్తుందనీ, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో అది ఎంతుందో తేల్చాలనీ ఒక డాక్టరు, ఒక నర్సమ్మ ఉన్న పరిశోధన బృందం జీపులో వచ్చింది. పశువుల ఆసుపత్రిలో ఇరవై ఏళ్లుగా సూదులు పొడుస్తున్న నన్ను దారి చూపడానికి వేసుకున్నారు. దారి కోసం కాదు, నోటి కోసం వేసుకున్నారని నా నమ్మకం. గొర్రె రక్తం ఎవరైనా తియ్యనిస్తారు. కాపరి తన రక్తం ఇవ్వడు. రెండూ ఒకే మందలో దొరికితేనే ఆ పరిశోధనకు విలువ.

నాకు దొరికిన మొదటి కాపరి కైరుప్పల దారిలోని ఒక పల్లెవాడు. నాతో కలిసి పదో తరగతి తప్పినవాడు. నేను ఒక్కసారి, వాడు రెండుసార్లు. ఆడగొర్రెల మందతో పాటు బక్రీదు కోసమని నలభై పొట్టేళ్లను పెంచాడు. ఏడాది కష్టమంతా వాటి ఒంటి మీదే ఉంది. ఆదోని వ్యాపారి ఒకాయన ముందే వచ్చి చూసుకుని, పండక్కి వారం ముందు తోలుకుపోతానన్నాడు. పండక్కి కుర్బానీగా బలిచ్చే పొట్టేలుకు కంట్లో గానీ కాల్లో గానీ చెవిలో గానీ వంక ఉండకూడదు. వాటి కొమ్ములకు వాడు రాసిన నూనె నా తలకు రాసి ఉంటే ఈ బట్టతల వచ్చేదే కాదు.

"నెత్తురు ఎంతయినా తీసుకోప్పా" అన్నాడు వాడు. "చెవులకు బిళ్లలు కొడతారంట గదా, పక్కూర్లో సెప్పినారు. అది మాత్రం వద్దు."

"నేనుండంగా నీ పొట్టేళ్ల చెవి జోలికి ఎవడొస్తాడ్రా? డాక్టరు నాకు మాటిచ్చినాడు. గుర్తుకు రంగు పూస్తారు, అంతే."

తర్వాత అంగీకార పత్రం తీశాను. ఏడు పేజీలు. అది రాసినవాడు జన్మలో తెలుగు మాట్లాడి ఉండడు. రెండు పేజీలు హరికథలా చదివాను. మూడోదానికి వచ్చేసరికి వాడి భార్య జొన్నరొట్టెలు, ఊరుబిండి పచ్చడి తెచ్చింది. ఆ ఊరుబిండి వాసన ముందు ప్రపంచంలో ఏ మూడో పేజీ నిలబడదు.

"నువ్వు సెప్తివి గదా, ఇంగేం సదువుతావ్ లే" అని వాడు సంతకం పెట్టేశాడు. నర్సమ్మ ముందు చెయ్యి చాచి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తర్వాత సూది పడిన పొట్టేళ్లలో ఒక్కటీ వాడంతగా వణకలేదు.

మందంతటి రక్తం ట్యూబుల్లోకి చేరాక డాక్టరు నన్ను పిలిచాడు. ట్యూబుల డబ్బాలో ఐసు కరిగిపోతోందనీ, దాన్ని ఎమ్మిగనూరులో ఫ్రీజరుకు చేర్చాలనీ అన్నాడు. "మీరైతేనే నమ్మకం." ఆ ఒక్క మాటకు నేను పూరీలా పొంగాను. డబ్బాను ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డను తీసుకెళ్లినట్టు తీసుకెళ్లాను.

తిరిగొచ్చేసరికి, ఆడగొర్రెల సంగతి సరే, నలభై పొట్టేళ్ల చెవులకు నలభై పసుపు బిళ్లలు. కొన్ని చెవుల నుంచి నెత్తురు కారుతోంది. వాడు గొంగడి మీద కూర్చుని ఉన్నాడు.

"యాడికి పోయినావ్?"

"ఎమ్మిగనూరికి."

"మంచిదప్పా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్లలో నేను వాడికి తీసిపోను.

జీపు దగ్గరికి పోయి డాక్టరును నిలదీశాను.

"రంగు పూస్తే చాలన్నారు కదా సార్."

"నేనా? చూద్దాంలెండి అన్నాను. రంగు వానకు పోతుంది. ట్యూబు మీదున్న నంబరే చెవి మీదా ఉండాలి. పత్రంలో నాలుగో పేజీలో ఉంది. చదివి సంతకం పెట్టించింది మీరే కదా?"

"మరి నన్నే ఎందుకు పంపించారు, ఐసు డబ్బాతో?"

ఆయన ఫోను చూసుకున్నాడు.

పండక్కి వారం ముందు వ్యాపారి వచ్చాడు. అప్పుడూ నేను అక్కడే ఉన్నాను. ఏదో ఒకటి చెప్పి ఒప్పిద్దామని వెళ్లాను. ఆయన ఒక్కో చెవినీ మడిచి చూశాడు.

"సాయబూ, చిన్న బెజ్జమే కదా" అన్నాను.

"మతం ఒప్పుకుంటాదో లేదో పెద్దల్ని అడగొచ్చప్పా. కొనే గిరాకీ ఎవర్ని అడుగుతాది? పక్క దొడ్డిలో చెవి బాగుండే పొట్టేలు ఉంటే దీన్నెవరు పట్టుకుంటారు?" అని మా వాడి వైపు తిరిగి, "మాఫ్ కరో భాయ్" అన్నాడు. ఒక్కటీ తోలుకుపోలేదు. అవన్నీ తర్వాత మామూలు మాంసం కొట్లకు తక్కువ ధరకే రెండూ మూడుగా పోయాయి.

ఆ డాక్టరు నన్ను ఎలా మోసం చేశాడో ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య నేను చెప్పని టీకొట్టు లేదు. మొదటి కొట్టులో నేను చెప్పిన కథలో ఆయన "సరే" అన్నాడు. మూడో కొట్టులో చేతిలో చెయ్యి వేశాడు. బస్టాండు ఎదురుగా ఉన్న కొట్టుకు వచ్చేసరికి కన్నబిడ్డ మీద ఒట్టు పెట్టాడు. అక్కడ టీ తాగుతూ తాగుతూ నాకే అసలు మాట గుర్తొచ్చింది. ఆయన అన్నది "చూద్దాంలెండి". అంతే. దాన్ని పిడుదును పెంచినట్టు పెంచి, మాటిచ్చాడని మా వాడి చేతిలో పెట్టింది నేనే. అయినా ఆ ఐసు డబ్బాను మాత్రం నేటికీ క్షమించలేదు.

మూడు నెలలకు, మొదటిదానితో పోల్చి చూసేందుకు రెండో విడత రక్తం కోసం మళ్లీ వెళ్లాం. మందలో మిగిలిన ఆడగొర్రెలవీ, వాడిదీ కావాలి.

"రండి సార్" అన్నాడు వాడు. ముప్పై ఏళ్లలో వాడు నన్ను సార్ అనడం అదే మొదలు. మంచం వాల్చాడు. "ఆ పొద్దు డాక్టరు సారు సెప్పిన నాలుగో పేజీ సదవండి సార్."

చదివాను. చెవి బిళ్ల సంగతి రెండో వాక్యంలోనే ఉంది. మా అమ్మ బియ్యంలో రాయిని ఏరినంత సులభంగా దొరికింది.

"ఇంగోసారి."

ఇంకోసారి చదివాను. వాడు తల ఊపి, లేచి, గొర్రెలను ఒక్కొక్కదాన్నీ తానే పట్టుకుని మెడ ఎత్తి పెట్టాడు. అన్నీ అయ్యాక నర్సమ్మ వాడి కోసం ట్యూబు తీసింది. వాడు చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు.

"గొర్లవి తీసుకున్నారు గదమ్మా. నాది ఇయ్యను."

"నీది లేకపోతే మొన్న తీసిన నెత్తురు కూడా పనికిరాదు రా" అన్నాను నేను.

"అట్లనా సార్" అని మందను తోలుకుని చేలోకి పోయాడు.

కాగితంలో వాడి వరుసకు ఎదురుగా 'ఇష్టపడలేదు' అని నా చేత్తోనే రాశాను. పక్కన 'కారణం' అని ఇంకో గడి ఉంది. రాయమంటారా అని డాక్టరును అడిగాను. ఖాళీగా వదిలేయమన్నాడు. వదిలేశాను.