ఎర్ర పోగు కట్టిన పెన్‌డ్రైవ్

తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కినప్పటి నుంచి కొత్త పెన్‌డ్రైవ్ ఎన్నిసార్లు పెట్టి చూసినా నా ల్యాప్‌టాప్ తెర నల్లగానే ఉంటోంది. రేపల్లె బడిలో హార్డ్ డిస్కులు పోయిన పాత కంప్యూటర్లున్నాయి. వాటికోసం, కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిచేలా తెలుగులో సిద్ధం చేశాను. బాగానే నడిచేది. బయల్దేరే ముందు ఇంకాస్త ముస్తాబు చేశానో లేదో, మొరాయించింది. అక్కడ పిల్లలు ఎదురుచూస్తున్నారు.

ఎదుటి సీట్లో చీరల మూటతో కూర్చున్న ఈపురుపాలెం నేతగాడు, పెద్దాయన, అడిగాడు: "ఏంటి బాబూ, పాడైందా?"

సంగతి చెప్పాను.

"బాగా నడిచింది ఉందా?"

"ఉందండి, ఈ ముస్తాబులేవీ చేయని పాత పెన్‌డ్రైవ్."

"మరి చెడినచోటే తడుముకుంటావేంటి? మేం బట్టలో తప్పొస్తే, బాగున్న వరస దాకా విప్పి అక్కణ్ణించి మళ్లీ నేస్తాం."

మూటలోంచి ఎర్ర పోగొకటి లాగి పాత పెన్‌డ్రైవ్‌కు ముడేశాడు. "దీని జోలికి పోమాక."

దానికి నకలు తీసి, నా మార్పులు ఒక్కొక్కటే కలుపుతూ చూశాను. భట్టిప్రోలు దాటాక దొంగ దొరికాడు: మొదటి తెర మీద కనబడాలని పెట్టుకున్న నా ఫొటో!

"నీ మొహమే అడ్డమొచ్చిందన్నమాట!" పెద్దాయన పడీపడీ నవ్వాడు.

ఆ పోగు ఇప్పటికీ ఉంది. పిల్లలెవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, "ఏ గుడిలో కట్టారు సార్?" అని.

"రేపల్లె ప్యాసింజర్‌లో" అంటాను.