ప్లస్ గుర్తున్న చిన్న బంతి

బస్సు మలుపు తిరగ్గానే పక్క సీటాయన ఒళ్లోని అట్టపెట్టె మూత ఊడి, నాలుగు చెక్క బంతులు నా కాళ్ల మీదికి దొర్లాయి. దొర్లే వస్తువు వెంట పడడం నాకు పాత జబ్బు. ఈ ఊళ్లు పట్టుకు తిరగడం కూడా ఆ జబ్బేనని మావాళ్ల అభిప్రాయం. ఆయనకన్నా ముందే వంగి ఏరాను.

"దెబ్బేం తగల్లేదు కదా?" అన్నాడు. అడిగింది బంతుల గురించి.

నలభై ఏళ్లుగా లేత్ మిషను మీద కుర్చీ కాళ్లు, సొరుగు గుండీలు, ఉలి పిడులు తిప్పినవాడు. కుడి బొటనవేలి గోరు సగమే ఉంది. బజారులో ఆయన్ని దిద్దుడు మామ అంటారట. ఎవరు కొలతలు రాసిచ్చినా అందులో తప్పు పట్టి దిద్దనిదే కట్టె బిగించడు. ఒకసారి మెట్ల కటకటాల బొమ్మలో ఇంజనీరు పొరపాటును ఈయనే పట్టాడు. అప్పట్నుంచి మరీ పేట్రేగిపోయాడని ఇంట్లోవాళ్ల ఫిర్యాదు.

"అద్దంలో నీ మొహం బాగోకపోతే తప్పు అద్దానిదే అంటావని మా ఆవిడ దెప్పుతుంది."

బంతులు కోడలికి. ఆవిడ బడిలో రసాయన శాస్త్రం చెబుతుంది. ఆ మధ్యాహ్నం కమిటీ ముందు పాఠం చెప్పాలి. నచ్చితేనే ఉద్యోగం ఖాయమవుతుంది.

నేను బంతుల్ని తిప్పి చూశాను. పసుపువి రెండు, లేతాకుపచ్చవి రెండు. పసుపుల్లో పెద్దదాని మీద సోడియం అనీ పక్కన ప్లస్ గుర్తూ, చిన్నదాని మీద ఉత్త సోడియం అనీ నల్లరంగుతో రాసి ఉంది. ఆకుపచ్చల్లో పెద్దది క్లోరిన్, చిన్నదానికి మైనస్.

"కొలతలు కోడలే ఇచ్చిందా?"

"ఇచ్చింది గానీ, పిల్ల తొందరలో తారుమారు చేసింది మాస్టారూ. ప్లస్సున్నది యాభై ఒక్క మిల్లీమీటర్లట, లేనిది తొంభై మూడట. ప్లస్ అంటే కలిసింది కదా, పెరగాలి. నేనే దిద్దాను. దానికి చెప్పలేదు, చిన్నబుచ్చుకుంటుందని."

నాకు నోరు ఊరుకోదు. రసాయన శాస్త్రం ఎప్పుడో ఒక రైల్వే స్టేషన్‌లో, ఎవరో వదిలేసి పోయిన పుస్తకంలో చదివాను. బండి ఆరు గంటలు ఆలస్యం.

"సోడియానికి పై వరసలో ఒక్కటే ఎలక్ట్రాన్. అది పోతే వరసే పోతుంది. మిగిలినవాటిని నడుమ ఉన్న కేంద్రకం గట్టిగా లాక్కుంటుంది. చిన్నదైపోతుంది."

"పోగొట్టుకున్నదానికి ప్లస్ ఎందుకూ?"

"పోయింది మైనస్ సరుకు కాబట్టి. క్లోరిన్‌కి అదే సరుకు ఒకటి వచ్చి చేరింది. ఈ సీట్లో మూడోవాడు కూర్చుంటే ఏమవుతుంది?"

"మోచేతులు బయటికొస్తాయి."

"అదీ అంతే. ఉబ్బుతుంది."

ఆయన చిన్న పసుపు బంతిని అరచేతిలో పెట్టుకుని సగం గోరున్న బొటనవేలితో తిప్పాడు.

"అయితే ఇచ్చినవాడే చిన్నబోతాడన్నమాట."

"ఈ లెక్కలో అంతే."

"పిల్ల సరిగ్గానే రాసింది."

బడి ఇంకా రెండు స్టాపుల దూరం. ఆయన చొక్కా జేబులోంచి గరుకు కాగితం ముక్క తీశాడు. బంతులు మార్చక్కర్లేదు, గుర్తులు మారితే చాలు. పెద్ద పసుపుదాని మీది ప్లస్సును, చిన్న ఆకుపచ్చదాని మీది మైనస్‌ను పేరు చెరగకుండా గీకాడు. నేను బంతుల్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టుకున్నాను. నా కలం తీసుకుని, బస్సు నెమ్మదించినప్పుడల్లా ఒక్కో గీత పెట్టాడు. చిన్న పసుపుదానికి ప్లస్, పెద్ద ఆకుపచ్చదానికి మైనస్. గీతలు కొంచెం వంకరపోయాయి. అంత పనిమంతుడూ వాటిని దిద్దలేదు.

బస్సు బడి గేటు దగ్గరే ఆగింది. ఆయన పెట్టెతో దిగాడు. నా కిటికీ కిందే ఒకావిడ చేతి గడియారం చూసుకుంటూ నిలబడి ఉంది.

"మామయ్యా, నేనిచ్చిన కొలతలే కదా?"

"నువ్వు రాసినట్టే అమ్మా. ఏమీ దిద్దలేదు."

ఆవిడ ఆయన ముఖం వైపు అనుమానంగా చూసింది. పెట్టె తెరిచి, నాలుగు బంతుల్నీ చూసి, మూత పెట్టింది. ఇద్దరూ లోపలికి నడిచారు. ఆయన వెనక్కి తిరగలేదు. నా కలం ఆయన చెవి మీదే ఉండిపోయింది.