పచ్చ అంటే ఏ పచ్చ?

ఆ రోజుల్లో మన ముఖం ఎలా వచ్చిందో ల్యాబు నుంచి కవరు వస్తే గానీ తెలిసేది కాదు. ఫోన్లో ఫోటో దిగి ఫోన్లోనే పంపేసే కాలం ఇంకా రాలేదు. పెళ్లి సంబంధానికైనా, బస్‌పాసుకైనా తల దువ్వుకొని, పౌడరు రాసుకొని స్టూడియో మెట్లు ఎక్కవలసిందే. నేను బోధన్ బస్టాండు దగ్గర అలాంటి ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి. ఇంటర్ ఫెయిలై చేరానని మా ఇంట్లో అంటారు (ఒక్క సబ్జెక్టు మిగిలిపోయిందని నేను అంటాను). మా యజమానిని అందరూ స్మైల్ సేటు అని పిలిచేవాళ్లు. కెమెరా ముందు కూర్చున్నవాళ్లను "స్మైల్, స్మైల్" అని తొందరపెట్టేవాడే గానీ, ఆయన నవ్వగా నేను ఒక్కనాడూ చూడలేదు.

రీలు కెమెరాలు పోయి డిజిటల్ కెమెరాలు వచ్చాక సేటు ఎక్కడినుంచో ఒక పాత కంప్యూటరు పట్టుకొచ్చి నా ముందు పెట్టి, "ఇగ గీ రంగుల సంగతి నువ్వే చూసుకోవాలె" అన్నాడు. మౌసు పట్టిన నెల రోజులకే రంగుల విషయంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఫోటోలన్నీ తెర మీద సరిచేసి, సీడీలో ఎక్కించి, కవరు మీద సైజులు రాసి నిజామాబాద్ బస్సులో కలర్ ల్యాబుకు పంపేవాణ్ణి. మర్నాడు ప్రింట్లు ముచ్చటగా వచ్చేవి. జనం మెచ్చుకునేవాళ్లు. అదంతా నా చేతి చలవేనని నేను కాలరు సర్దుకునేవాణ్ణి. ముఖాలు తెల్లగా చేయడంలో మరీ చేయి తిరిగింది. ఎవరూ అడగకపోయినా చేసేవాణ్ణి, పుణ్యం వస్తుందన్నంత శ్రద్ధగా.

ఆ పుణ్యం మా అక్కకు చుట్టుకుంది. అక్క అంటే మా పెదనాన్న బిడ్డ, నాకన్నా ఐదేళ్లు పెద్ద. ఎడపల్లిలో వాళ్లకు వరి, ఒక మడిలో పసుపు. అక్క రోజూ బోధన్ వచ్చి ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. మనిషి నలుపు, మాట సూటి. ఆమెకు మొదటి సంబంధం వచ్చినప్పుడు ఫోటో నేనే తీశాను, నేనే సరిచేశాను. అచ్చం పాలమీగడలా తయారైంది. ఫోటో చూసి ఆర్మూరు వైపు వాళ్లు రెండు జీపుల్లో దిగారు. అక్క చాయ్ పళ్లెం పట్టుకొని వచ్చి నిలబడింది. పెళ్లికొడుకు నాయనమ్మ కప్పు అందుకొని, "బిడ్డా, మీ చెల్లెను పిలువు. పనులు ఇడిసిపెట్టి వచ్చినం, జెల్ది పోవాలె" అన్నది. అక్కకు చెల్లెలు లేదు.

వాళ్లు వెళ్లిపోయాక అక్క ఏడ్వలేదు. ఆ ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది నేను కాదురా. గీ పిల్ల నీ కంప్యూటర్ల పుట్టింది. నువ్వే సంబంధం చూసుకో దీనికి" అన్నది. రెండు నెలలకు ధర్పల్లి నుంచి మరో సంబంధం వచ్చింది. వాళ్లు వచ్చే ముందు ఫోటో పంపాలని మధ్యవర్తి వారం గడువు పెట్టాడు. అక్క నన్ను పిలిచి చెప్పింది: "నా రంగుతోని ఫోటో తెస్తె తే. ఈసారి గూడ గట్లనే అయితె, ఇగ నేను ఎవ్వల ముంగట కూసోను. ఒట్టు." అక్క ఒట్టు పెట్టిందంటే పెదనాన్న కూడా మార్చలేడు.

కొత్తగా ఫోటో తీశాను. ఆకుపచ్చ చీర, దానికి పసుపు అంచు. తెర మీద ముఖాన్ని కొంచెం కూడా తెల్లబరచకుండా, అక్కను పక్కన కూర్చోబెట్టుకొని, అచ్చం ఆమెలా వచ్చేదాకా సరిచేశాను. "గిట్లనే ఉన్న" అని అక్క కూడా ఒప్పుకుంది. సీడీ పంపాను. మర్నాడు కవరు విప్పితే మళ్లీ పాలమీగడ! ల్యాబుకు ఫోన్ చేశాను. అక్కడ మిషన్ మీద కూర్చునేది ఒక పెద్దమనిషి. రీళ్ల కాలం నుంచి ప్రింట్లు తీస్తున్నాడు. ఏ సంగతైనా పాయింట్లలోనే చెబుతాడు కాబట్టి ఆయన్ను పాయింట్ల చాచా అనేవాళ్లం (జ్వరం ఎలా ఉందంటే కూడా "రెండు పాయింట్లు తగ్గింది" అనేవాడట). "మీ సేటు ఎప్పుడో చెప్పిండు బేటా, ఆడిపిల్లల ఫోటోలు రెండు పాయింట్లు తెల్లగ తియ్యుమని. తీసిన" అన్నాడు చాచా తాపీగా.

నాకు రోషం వచ్చింది. అంత కష్టపడి నేను సరిచేసిన రంగును ఈయన ముట్టుకోవడమేమిటి! ల్యాబులకు తెలిసిన మాట ఒకటుంది, "జైసా హై వైసా" అని. ఉన్నది ఉన్నట్టు తీయండి, మీ తెలివి వాడకండి అని దాని అర్థం. కవరు మీద ఆ మాటను ఎర్ర స్కెచ్ పెన్నుతో బియ్యపుగింజంత కాదు, గుమ్మడికాయంత అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు కొట్టి పంపాను. మర్నాడు ప్రింటు వచ్చింది. ముఖం చీకటిగా ఉంది. ఆ చీకటిలో ఆకుపచ్చ. గోరింటాకు నూరుతూ నూరుతూ రోట్లోనే ముఖం పెట్టి లేచినట్టుంది మా అక్క. సేటు ఒకసారి చూసి పక్కకు పెట్టాడు.

ఫోన్లో చాచాను కడిగేద్దామని మొదలుపెట్టాను. ఆయన పూర్తిగా విని, "నువ్వే రాసినవ్ గద, జైసా హై వైసా. నీ ఫైల్ల ఎట్లున్నదో గట్ల ఇచ్చిన" అన్నాడు. నా ఫైలు అలా ఉండటమేమిటని అరిచాను. "బేటా, ఏడాదిన్నర సంది నీ ఫైళ్లన్నీ గిట్లనే వస్తున్నయి. రోజు నేనే మూడు పాయింట్లు రంగు మార్చి, రెండు పాయింట్లు వెలుగు ఎక్కిస్తున్న. పిలగాడు కొత్తగ నేర్చుకుంటుండు, చిన్నబుచ్చుడు ఎందుకని చెప్పలె" అన్నాడు. ఫోన్ పెట్టేసి, ప్రింటును తెర పక్కన పట్టి చూస్తే సంగతి తెలిసింది. తప్పంతా మా మానిటర్‌ది. పాతబడి ఎరుపు తిరిగింది. ఆ ఎరుపు పోగొట్టడానికి నేను ప్రతి ఫోటోలో ఆకుపచ్చ కలుపుతున్నాను. పైగా జిగేల్‌మనాలని తెర వెలుగు మొత్తం పెంచి పెట్టుకున్నాను, అందుకని ఫోటోలను చీకటి చేస్తున్నాను. ఇన్నాళ్లు జనం మెచ్చుకున్న నా చేతి చలవ నిజామాబాద్‌లో ఉన్న ఒక ముసలాయన చేతి చలవ. ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

అయినా గడువు ముంచుకొస్తోంది, సిగ్గుపడుతూ కూర్చుంటే కుదరదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోన్ చేసి చాలా వినయంగా, "చాచా, తెల్లగ చెయ్యకు. వెలుగు నువ్వన్నట్టే పెంచు. ముఖంల పచ్చ ఉన్నది సూడు, గా పచ్చ మొత్తం తీసెయ్" అన్నాను. "మొత్తమా?" అని అడిగాడు. "మొత్తం" అన్నాను. ప్రింటు వచ్చింది. ఈసారి అక్క నీలంగా ఉంది. చలికాలం పొద్దున గోదావరిలో మునిగి గంటసేపు బయటికి రానివాళ్ల పెదవులు ఎలా ఉంటాయో, ముఖమంతా అలా ఉంది. చీర అంచు వెలిసిపోయి తెల్లబట్ట అయింది. ఇక నా గొంతులో వినయం మిగల్లేదు.

"పచ్చ తియ్యమన్న గద చాచా!"

"తీసిన గద బేటా, ఒక్క పాయింట్ గూడ ఉంచలె."

"ఏడ తీసినవ్? పచ్చ అట్లనే ఉన్నది, పైనుంచి నీలం వచ్చింది!"

"పచ్చ అంటె ఏ పచ్చ?"

"పచ్చ అంటె పచ్చనే! ఆకు రంగు!"

అవతల చాచా నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది. "అరె అల్లా! ఆకు రంగుకు హరా అని చెప్పవద్దా? పచ్చ అంటె నేను పసుపు అనుకున్న. పసుపు మార్కెట్ యార్డు పక్కన ఉన్నోన్ని, దినాం 'కొమ్ము పచ్చగున్నది' అని ఇని ఇని, నాకు పచ్చ అంటె పసుపే. నువ్వు పసుపు పండించే ఇంటోనివి, నీకు ఆకు ఎట్లయింది?" నిజమే. మా ఇంట్లో కూడా పసుపు పచ్చే, ఆకూ పచ్చే. అక్క చీర పచ్చ, అంచు కూడా పచ్చ. "ఫోన్ల రంగు చెప్తె గిట్లనే అయితది. నేను మీ అక్కను సూడలె. సూడని మనిషి రంగు నాకెట్ల తెలుస్తది? తోల్కరా" అని చాచా ఫోన్ పెట్టేశాడు.

ఫోటో ఇవ్వడానికి రెండు రోజులే గడువుంది. బడికి సెలవు పెట్టించి, అదే చీర కట్టించి అక్కను బస్సెక్కించాను. ల్యాబులో చాచా లేచి నిలబడి కుర్చీ వేశాడు. అగ్గిపెట్టెంత ప్రింటు ఒకటి తీసి, "బేటీ, జర చెయ్యి గిట్ల పెట్టు" అని, ముట్టుకోకుండా ఆమె ముంజేతి పక్కన పట్టి చూశాడు. ట్యూబులైటు కింద సరిగ్గా ఉంది. నేను "మస్తుగున్నది" అన్నాను. చాచా బయట ఎండలోకి తీసుకుపోయి చూశాడు. నేను అక్కడ కూడా "మస్తుగున్నది" అన్నాను. అప్పటికి రోడ్డు మీద పండ్ల బండివాళ్లు ఇద్దరు, ఒక కానిస్టేబులు చేరారు. కానిస్టేబులు "ఎరుపు తక్కువైంది" అన్నాడు. అక్క అందరి ముఖాలూ చూసి, ప్రింటు చాచా చేతిలోంచి తీసుకుంది.

"ఎండల పెడితె అన్ని బంగారం లెక్కనే కనిపిస్తయి. మా బాపు కొమ్ము విరిస్తె నీడల పట్టుకొని చూస్తడు. నీడకు రాండ్రి" అన్నది. ల్యాబు అరుగు మీద నీడలో నిలబడి, ప్రింటును ఒక చేత్తో, చీర చెంగును ఒక చేత్తో పట్టుకొని చూసింది. "ముందుగాల చీర సరి చెయ్యుండ్రి. చీర సరిగ్గ వస్తె ముఖం అదే వస్తది. ఇందుల అంచు పాత కొమ్ము లెక్క ఉన్నది, కొత్త కొమ్ము రంగు రావాలె." చాచా నోరు తెరుచుకొని విన్నాడు. లోపలికి పోయి ఇంకొకటి తీశాడు. మళ్లీ నీడ. మళ్లీ లోపలికి. నన్నెవరూ అభిప్రాయం అడగలేదు. ఆరో ముక్కకు అక్క చాలాసేపు చూసి, మెల్లగా "గిది నేను" అన్నది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, పక్కకు తిరిగి కానిస్టేబులును చూశాను. "ఇన్నేండ్ల సంది ప్రింట్లు తీస్తున్న బేటీ. తెల్లగ చెయ్యకుమని అడిగినోళ్లు నీకన్న ముందు ఒక్కరు రాలె" అన్నాడు చాచా.

ధర్పల్లివాళ్లు వచ్చారు. అక్క బయటికి రాగానే పెళ్లికొడుకు తల్లి చేతిలోని ఫోటోను, మనిషిని మార్చి మార్చి చూసి, "ఫోటోల పిల్లే గీ పిల్ల" అన్నది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు అక్క తన తల్లి చేతిలోంచి పెళ్లికొడుకు ఫోటో తీసుకొని చూసింది (మధ్యవర్తి వాళ్లకిచ్చిన ఆ ఫోటో నా కంటపడటం కూడా అప్పుడే). ఫోటోలో అతను దొరబాబు. ఎదుట బెంచీ మీద కూర్చున్నవాడు అక్క కన్నా రెండు పాయింట్లు నలుపు. అతను తల గోక్కొని, "నేను బోధన్ల రైస్ మిల్లుల మోటర్లు చూస్త. ఆడనే తీపిచ్చిన. గింత తెల్లగ నేను లేను గద అంటె, స్టూడియోల పిలగాడు 'ఉండనియ్యన్న, పిల్ల జెల్ది దొరుకుతది' అన్నడు" అన్నాడు. అని తల ఎత్తి, తలుపు చాటున ఉన్న నన్ను చూశాడు. "ఇగో! గీ తమ్మే!"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెదనాన్న పళ్లు కొరికాడు. మధ్యవర్తి సర్దిచెప్పబోతే పెళ్లికొడుకే ఆపాడు. "ఆమె అసలు ఫోటో పంపితె నేను సూసి వచ్చిన. నా ఫోటో దొంగది. గట్లయితె న్యాయం గాదు. నాది గూడ అసలుది పంపిస్త. గది మంచిగ సూసుకొని, అప్పుడు చెప్పుమనుండ్రి" అని లేచాడు. మర్నాడు మిల్లు నుంచి చేతులకు గ్రీజుతోనే స్టూడియోకు వచ్చి కూర్చున్నాడు. సేటు అలవాటుగా "స్మైల్" అంటే, "నవ్వు నాకు రాదన్నా, ఉన్నట్టు తియ్యి" అన్నాడు. నేను ఆ ఫోటోలో ఒక్క రంగు ముట్టుకోలేదు. స్వయంగా నిజామాబాద్ పోయి, చాచాతో కలిసి నీడలో చూసి తెచ్చి అక్కకు ఇచ్చాను. అక్క వసారాలో నిలబడి చాలాసేపు చూసింది. నా వైపు తిరిగి, "మనిషి మంచోడురా. బాపుకు ఔనని చెప్పు" అన్నది. ఇప్పటికీ బావ నన్ను నలుగురిలో పరిచయం చేయవలసి వస్తే, "నన్ను తెల్లగ చేసినోడు వీడే" అని చెబుతాడు.

ఆ తర్వాత నేను సొంతంగా స్టూడియో పెట్టాను, మూసేశాను కూడా. నెత్తి నెరిసింది, పొట్ట వచ్చింది. మొన్న ఏదో కాగితానికి ఫోటో కావలసి వచ్చి, నిజామాబాద్‌లో ఒక దుకాణంలో దిగాను. కంప్యూటరు ముందున్న అమ్మాయి తెర మీద నా ముఖాన్ని పెద్దది చేసి చూసి, "అంకుల్, జర తెల్లగ చేసి, గీ ముడతలు తియ్యాల్నా?" అని అడిగింది. రంగుల గురించి ఆ పిల్లకు నాలుగు ముక్కలు చెబుదామని నోరు తెరిచాను. తెర మీద ఉన్నవాణ్ణి ఇంకోసారి చూశాను. "జర... ఒక్క పాయింట్ చాలమ్మా" అన్నాను. ఈ సంగతి మా అక్కకు మాత్రం చెప్పకండి.