ఏకాంబరం సారుకు పూలు కట్టడం రాదు

ఏకాంబరం సారుకు నిజంగానే ఏ పనీ చేతకాదా, చేతకానట్టు ఉంటాడా? తిరుచానూరులో పూలమ్మే కుప్పమ్మకే కాదు, ఆయన్ని ఎరిగినవాళ్లెవరికీ దీనికి ఇప్పటికీ జవాబు దొరకలేదు.

సారు తిరుపతిలో మనసు కుంగినవాళ్లకు కౌన్సెలింగు చేస్తాడు. ఆయనకున్న పిచ్చల్లా ఒకటే. ఎవరి దగ్గరికి వెళితే వాళ్ల పని నేర్చుకోవాలి. ఏదీ రాదు. పాకాల దర్జీ శాంతయ్య దగ్గర కుట్టు నేర్చుకుని చొక్కా కుట్టుకుంటే ఒక చెయ్యి మోచేతి దాకా, రెండోది వేళ్ల దాకా వచ్చింది. అదే తొడుక్కుని పెళ్లిళ్లకు వెళతాడు. సంగటి అంగడి ఎస్తేరమ్మ నేర్పిన రాగిసంగటి ఇంట్లో వండితే, భార్య మోహన ముద్దను తట్టి చూసి, "ఇది తినేదా, గోడకు పెట్టేదా?" అంది.

పనిలో తప్పు చేసిందని కుప్పమ్మ కూతురు ధరణిని శ్రీసిటీ ఫ్యాక్టరీలో ఉద్యోగంలోంచి తీసేశారు. అప్పట్నుంచీ గోడవైపు తిరిగి పడుకుంది. తిండి లేదు, తల దువ్వడం లేదు. ఇట్లాగే పోతుందేమో పిల్ల అని కుప్పమ్మకు దిగులు. డాక్టరు మాత్రలు రాసి, ఏకాంబరం దగ్గరికి వెళ్లమన్నాడు. ధరణి కదల్లేదు గనక సారే వచ్చాడు.

"నేను దేనికీ పనికిరాను సార్."

"సరేమ్మా. పూలు కట్టేది వచ్చునా?"

"అదెవురికైనా వస్తాది."

"నాకు రాదే. నేర్పించు."

కుప్పమ్మకు ఒళ్లు మండింది. "వైద్యం సెయ్యమంటే ఈయప్ప పూలు కట్టేది నేర్సుకుంటాడంట."

ధరణి విసుక్కుంటూనే లేచి కూర్చుంది. సారు అరటినారతో ముడి వేస్తే మల్లెలన్నీ ఒళ్లో రాలాయి. వారం వారం వచ్చి బుట్టెడు పూలు పాడుచేసేవాడు.

"ఫ్యాక్టరీలో తప్పు చేసి నువ్వు పనికిరాకుండా పోతివి," అన్నాడొకసారి. "నేనీడ ఇన్ని తప్పులు చేస్తిని. నన్నేమంటావు?"

"మీరు మంచోరు సార్. సేతులే మాట ఇనవు."

"అదే మాట నీకు చెప్పుకుంటే ఏంపోతాది?"

 ఆ పూట ధరణి అడిగి అన్నం పెట్టించుకుంది.

ఒకనాడు ధరణి నీళ్లకు లోపలికి వెళ్లింది. సారు వేసిన ముడి చక్కగా బిగుసుకోవడం కుప్పమ్మ చూసింది. ఆయన గుమ్మం వైపు చూసి, దాన్ని విప్పేశాడు. తప్పనుకుని విప్పాడో, ఒప్పని తెలిసే విప్పాడో.

శుక్రవారం పాఠం పూలంగడి దగ్గరే పెట్టుకుందామన్నాడు. ధరణి తల్లి వెనక తల వంచుకుని కూర్చుంది. రెండు బస్సుల తమిళ యాత్రికులు ఒక్కసారే దిగారు. కుప్పమ్మకు చేతులు ఆడలేదు. సాయం చేద్దామని సారు తాను కట్టిన దండ ఒకామెకు అందించాడు. అది జడ దాకా చేరకముందే పూలన్నీ నేలపాలు. ఆమె తమిళంలో తిట్లు అందుకుంది.

"జరగండి సార్, బేరం పోతాది," అని ధరణి ముందుకొచ్చి కూర్చుంది. తమిళంలోనే ఆమెను సముదాయించి, మూర కొలిచి, మంచి దండ కోసి ఇచ్చింది. ఇంకొకామె వంగింది. మరొకామె.

జనం పలచబడ్డాక కుప్పమ్మ తలెత్తి చూస్తే సారు కూర్చున్న స్టూలు ఖాళీ.

"సెప్పకుండానే పొయినాడే మనిషి."

"పోనీలేమ్మా," అంది ధరణి, చేతిలో పనిమీంచి చూపు తిప్పకుండా. "ఆ కనకాంబరాలు ఇట్లియ్యి."