మానుకోట రోడ్డు మీద నా పీహెచ్‌డీ సీటు

పీహెచ్‌డీ సీటు దొరకాలంటే ముందు గైడు దొరకాలి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో, లోహశాస్త్రంలో ఎంటెక్ పట్టా పట్టుకుని విశ్వవిద్యాలయంలో గది గదికీ తిరిగాను. ఒకాయన ఖాళీల్లేవన్నారు. ఇంకొకాయన పెళ్లయ్యాక మధ్యలో మానేస్తావన్నారు. చివరికి ఇనుప ఖనిజం మీద పనిచేసే ఒక మేడమ్ దగ్గర ఒకే ఒక్క ఖాళీ ఉందని తెలిసింది. మాది బయ్యారం పక్క తండా. ఆ రాయి మా గుట్టల్లోదే. ఆ సీటు నాది కాక ఇంకెవరిదని నాకు పొగరు.

ఇంటర్వ్యూ కాగితం రావడానికి వారం ముందే, మా విద్యార్థి కమిటీ మానుకోట రోడ్డు మీద వంటావార్పుకి పిలుపిచ్చింది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని, బండ్లను ఆపడమన్నమాట. రోడ్డు పక్క ఊళ్ల ఆడవాళ్లను కూర్చోబెట్టి నియమం చెప్పింది నేనే. దవాఖానకు పోయే బండి తప్ప ఏదీ కదలొద్దు, పరీక్షన్నా ఇంటర్వ్యూ అన్నా నమ్మొద్దు, అవన్నీ సాకులే అన్నాను. తీరా కాగితం వచ్చాక చూస్తే నా ఇంటర్వ్యూ, వంటావార్పు రెండూ ఒకే రోజు పడ్డాయి. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని ఊరికే అనలేదు.

పొద్దున్నే అన్న మోటారు సైకిలెక్కాను. మానుకోట దాటామో లేదో, రోడ్డుకడ్డంగా గుండిగలు. గరిటె పట్టుకుని ఒక అవ్వ లేచింది. కాగితం చూపించాను. ఆమె దానివైపు చూడనైనా లేదు.

"ఇంటర్వ్యూ అన్నోళ్లను ఇడవొద్దని నువ్వే చెప్తివి గద బిడ్డా. నీకో లెక్క, ఊరోళ్లకో లెక్కనా?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను, ఏడుపొచ్చింది. పొలాల్లోంచి పక్కబాట పడదామన్నాడు అన్న. నేను పెట్టిన నియమాన్ని నేనే దొంగదారిన దాటితే రేపు వీళ్లకు ఏ ముఖం చూపించాలి? బండి దిగి అక్కడే కూర్చున్నాను. విస్తరి వేశారు. తింటుంటే, అంత పెద్ద పని ఏందని అవ్వే అడిగింది. బయ్యారం రాయిలో ఇనుమెంతుందో, దాన్ని ఇక్కడే ఎట్లా తీయొచ్చో తేల్చే చదువని చెప్పాను. అవ్వ వడ్డన ఆపింది.

"మన రాయి సంగతి మనోళ్లు చెప్పకుంటే ఎవలు చెప్తరు? గిది నీ ఒక్కదాని పని గాదు. లెవ్వు."

ఆడవాళ్లే గుండిగలు జరిపి దారిచ్చారు.

రెండు గంటలు ఆలస్యంగా చేరాను. ఇంటర్వ్యూ ఇంకా మొదలే కాలేదు. భూపాలపల్లి గనుల నుంచి రావాల్సిన నిపుణుడు ఇంకో ఊళ్లో, ఇంకో వంటావార్పులో చిక్కుకున్నాడట. జనగామ నుంచి వచ్చిన అబ్బాయి, నేను, ఇద్దరమే పోటీ. నిపుణుడు మధ్యాహ్నానికి చిరాగ్గా దిగాడు. నేను లోపలికి వెళ్లగానే, రోడ్లు ఆపి మీరంతా ఏం సాధిస్తారని అడిగాడు. నోరు మూసుకుంటే పోయేది. నా వల్ల కాలేదు.

"నన్ను గూడ ఆపిండ్రు సార్. ఆపుమని చెప్పింది నేనే."

మేడమ్ నవ్వు దాచుకోవడానికి తల వంచుకున్నారు. అవ్వకు చెప్పిందే వాళ్లకూ చెప్పాను, ఈసారి లెక్కలతో, పటాలతో. అరగంట గుచ్చి గుచ్చి అడిగారు. ఒక్కచోటా తడబడలేదు.

సాయంత్రం నోటీసు బోర్డు మీద ఒకటే పేరు, నాది. అన్న రెండుసార్లు చదివాడు. నాకైతే ఆకాశం రెండు జానల ఎత్తులోనే ఉన్నట్టనిపించింది. మేడమ్ బయటికొచ్చి, రేపే వచ్చి చేరమన్నారు.

"ఎల్లుండి వస్త మేడమ్. రేపు మాకు రైలు రోకో ఉంది."

ఆవిడ నా చేరిక కాగితం మీద తేదీ కొట్టేసి ఎల్లుండిది రాశారు.